ఖాళీ గడి

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో, జిరాక్స్ షాపు పైన మూడో అంతస్తులో నా పైథాన్ బ్యాచ్ సాయంత్రం ఆరున్నరకి మొదలవుతుంది. నలభై కుర్చీలు, రెండు ఫ్యాన్లు, ఒక ప్రొజెక్టర్. కింద బండి మీద మిరపకాయ బజ్జీలు వేసే వాసన ఏడింటికల్లా కిటికీలోంచి పైకొస్తుంది. పిల్లల్లో సగంమంది ఏదో ఉద్యోగం చేసి అలసిపోయి వచ్చేవాళ్లు. మిగతా సగం చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్ల నుంచి నడిచొస్తారు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం పిల్లలే ఎక్కువ. విజయవాడ హైవే మీద వచ్చే బస్సు ఎల్బీ నగర్ దాటాక వాళ్లను దించే చదువుల అడ్డా ఇదే.

నేనుండేది మలక్‌పేటలో. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీ నగర్ దాకా వచ్చినప్పటి నుంచి అందులోనే తిరుగుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిపోతాను. అక్కడి నుంచి ఇంక మూడే స్టేషన్లు: చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీ నగర్. ఇన్నేళ్లుగా ఎక్కుతున్నా ఆ ఆఖరి స్టేషన్ ఎలా ఉంటుందో నేను చూడలేదు.

పోయిన వానాకాలం సంగతి. ఆ రోజు పాఠం బూలియన్. క్లాసులోకి అడుగు పెడుతుంటే ఫోన్ మోగింది. ఎల్బీ నగర్ అని పడింది. సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకుని మార్కర్ తీశాను.

ఈ పాఠం నాకు చాలా ఇష్టం. కంప్యూటర్ చేసే నిర్ణయమంటూ ఏదున్నా, ఏటీఎం డబ్బులివ్వడం దగ్గర్నుంచి మెట్రో గేటు తెరుచుకోవడం దాకా, లోపల జరిగేది ఇదే. ట్రూనా, ఫాల్సా. మూడో జవాబు లేదు. దీన్ని ఆర్టీసీ బస్సుతో మొదలుపెడతాను. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేస్తూ మహాలక్ష్మి పథకం వచ్చాక ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కండక్టరు జీరో టికెట్ కొట్టాలంటే ఏమేం చూడాలి? ఎక్కినావిడ మహిళ అయ్యుండాలి. తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉండాలి. జిల్లాల బస్సయితే అది పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో అయ్యుండాలి. ఈ జవాబుల్ని కలిపే మాటలు మూడే మూడు. అండ్ పెడితే రెండు పక్కలా ట్రూ కావాలి. ఆర్ పెడితే ఏ ఒక్కటైనా చాలు. నాట్ పెడితే ఉన్నది తిరగబడుతుంది.

మగమనిషి ఎక్కితే కండక్టరు జీరో టికెట్ కోసం కార్డు అడగడు. మొదటి షరతే ఫాల్స్ అయినప్పుడు రెండోది చూడ్డం దండగ. పైథాన్‌దీ ఇదే పద్ధతి. అండ్‌కి ఎడమ పక్క ఫాల్స్ తగిలితే కుడి పక్కకి తొంగి కూడా చూడదు. ఆర్‌కి ఎడమ పక్క ట్రూ తగిలినా అంతే, అక్కడే ఆగిపోతుంది.

ఆ తర్వాత బోర్డు మీద ఇలా రాశాను: మహిళ అండ్ తెలంగాణ కార్డు అండ్ పల్లెవెలుగు ఆర్ ఎక్స్‌ప్రెస్. 'ఇది సరిపోతుందా?' అని అడిగితే అందరూ సరిపోతుందన్నారు. సరిపోదు. లెక్కల్లో కూడిక కన్నా గుణకారం ముందు జరిగినట్టు, ఇక్కడ ఆర్ కన్నా అండ్ ముందు జరుగుతుంది. మహిళ, కార్డు, పల్లెవెలుగు మూడూ ఒక ముద్దగా కలిసిపోతాయి. ఎక్స్‌ప్రెస్ విడిగా మిగిలిపోతుంది. అంటే ఎక్స్‌ప్రెస్ ఎక్కిన మగాళ్లందరికీ జీరో టికెట్! వెనక బెంచీలో మగపిల్లలు చప్పట్లు కొట్టారు. పల్లెవెలుగు ఆర్ ఎక్స్‌ప్రెస్ అన్నదానికి బ్రాకెట్ పెట్టాక గానీ ఆర్టీసీ నిలబడలేదు.

మన భాషలో ఈ మూడు మాటలూ విడిగా కనపడవని కూడా చెప్తుంటాను. 'మరియు' అని కాగితం మీద రాస్తాం గానీ నోటితో అనం. అమ్మా నాన్నా, ఇల్లూ వాకిలీ అని దీర్ఘం తీస్తే అదే అండ్. కాఫీయో టీయో అంటే అదే ఆర్. నాట్ అయితే క్రియలోనే ఇంకిపోయి ఉంటుంది: రాడు, తినలేదు, లేరు. మాట్లాడుకోవడానికి ఇంత సుఖమైన ఏర్పాటు ఇంకోటి లేదు. ప్రోగ్రామ్ రాసేటప్పుడు మాత్రం చిక్కొస్తుంది. చైతన్యపురిలో ఒక హాస్టల్ గేటుకి అంటించిన కాగితం ఉంది: 'ఆధార్ గానీ ఫొటో గానీ లేనివారికి రూము ఇవ్వబడదు.' ఆధార్ ఉంది, ఫొటో లేదు. రూము వస్తుందా రాదా?

క్లాసు రెండుగా చీలిపోయింది. రెండూ లేనివాళ్లకే ఇవ్వరని కొందరు. ఏ ఒక్కటి లేకపోయినా ఇవ్వరని కొందరు. ఆ హాస్టల్లోనే ఉండే అమ్మాయి లేచి, 'ఆంటీ రెండూ తెమ్మంటది సార్, ఫొటో లేదని నన్ను వెనక్కి పంపింది' అంది. ఈ చిక్కుముడి విప్పే సూత్రం పేరు డీ మోర్గాన్ సూత్రం. అగస్టస్ డీ మోర్గాన్ 1806లో మన మదురైలో పుట్టినవాడు. 'ఇదీ అదీ రెండూ ఉన్నాయి' అన్నమాటకు నాట్ పెడితే 'ఇది లేదు, లేకపోతే అది లేదు' అవుతుంది. 'ఇదో అదో ఉంది' అన్నమాటకు నాట్ పెడితే 'ఇదీ లేదు, అదీ లేదు' అవుతుంది. నాట్ లోపలికి వెళ్లేటప్పుడు అండ్‌ని ఆర్ చేస్తుంది, ఆర్‌ని అండ్ చేస్తుంది. ఆంటీ మనసులో ఉన్నది మొదటిది. గేటు మీద రాసింది చదివితే రెండోదిలా ఉంది.

ఇంకో చిక్కు ఉంది. 'తినలేదా?' అని అడిగితే మనవాళ్లు 'అవును' అంటారు. అంటే తినలేదని. 'లేదు' అంటే? వినేవాడిని బట్టి తిననట్టూ అవుతుంది, తిన్నట్టూ అవుతుంది. 'లేదు, తిన్నాను' అని నిండుగా చెప్తే తప్ప తేలదు. అందుకే మా పిల్లలకు ఒకటి గట్టిగా చెప్తాను. ప్రోగ్రామ్‌లో ప్రశ్న వేసేటప్పుడు 'లేదా?' అని అడక్కండి. 'ఉందా?' అని అడగండి.

బూలియన్ అన్న పేరు జార్జ్ బూల్ నుంచి వచ్చింది. 1815లో ఇంగ్లండులో లింకన్ అనే ఊళ్లో, చెప్పులు కుట్టే ఆయన కొడుకుగా పుట్టాడు. ఆ తండ్రికి లెక్కలన్నా, దూరదర్శినులు తయారు చేయడమన్నా ప్రాణం. అంగడి మీద ధ్యాస ఉండేది కాదు. వ్యాపారం దెబ్బతింది. పదహారో ఏటే బూల్ పంతులుద్యోగంలో చేరి ఇంటి భారం మోశాడు. తండ్రి అంగడి మునిగితే ఆ వయసు పిల్లాడి నెత్తిన ఏం పడుతుందో నాకు బాగా తెలుసు. అందుకని ప్రతి బ్యాచ్‌లోనూ ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

యూనివర్సిటీ చదువు లేకుండానే ఆయన 1849లో ఐర్లండులోని కార్క్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. మనిషి ఆలోచనను లెక్కలాగా రాయొచ్చని, ఒకటీ సున్నా చాలని 1854లో పుస్తకం వేశాడు. ఆయన భార్య మేరీ. ఆమె తండ్రికి తోడబుట్టినవాడే జార్జ్ ఎవరెస్ట్, హిమాలయ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆయన. ఆ ఎవరెస్ట్ దొర 1818లో సర్వే పనికి వచ్చింది మన హైదరాబాద్‌కే. ఇది చెప్తే పిల్లలు ఎప్పుడూ కుర్చీల్లో ముందుకు జరుగుతారు. బూల్ పోయిన డెబ్బై మూడేళ్లకు, 1937లో, క్లాడ్ షానన్ అనే కుర్రాడు ఇవే అండ్, ఆర్, నాట్‌లతో కరెంటు స్విచ్‌లను నడపొచ్చని చూపించాడు. మీ చేతిలో ఫోన్ అక్కడి నుంచే వచ్చింది.

బూల్ మాత్రం ఇదేం చూడలేదు. 1864లో జోరువానలో తడుస్తూ కాలేజీకి నడిచివెళ్లి, ఆ తడి బట్టలతోనే పాఠం చెప్పాడు. జ్వరం పట్టుకుంది. డిసెంబరు 8న పోయాడు. నలభై తొమ్మిదేళ్లు. ఐదుగురు ఆడపిల్లలు. ఆఖరి పాపకు ఇంకా ఏడు నెలలు నిండలేదు.

ఆ మాట దగ్గర మూడో వరసలో నకిరేకల్ అమ్మాయి రాయడం ఆపి తలెత్తింది. ఎప్పుడూ మాట్లాడని పిల్ల. నోట్సు మాత్రం ముత్యాల్లా రాస్తుంది.

తర్వాత అందరికీ చిన్న పని ఇచ్చాను. 'ఫీజు కట్టావా?' అని ప్రోగ్రామ్ అడగాలి. జవాబు 'అవును' అని వచ్చినా 'ఊఁ' అని వచ్చినా 'లోపలికి రా' అనాలి. వేరే ఏం వచ్చినా 'రేపు రా' అనాలి. పిల్లలు టకటకా కొట్టుకుంటుంటే జేబులో ఫోన్ వణికింది. ఎల్బీ నగర్. ఆపేశాను.

నకిరేకల్ అమ్మాయి మొదటిసారి చెయ్యెత్తింది.

'సార్, లేదని కొట్టినా లోపలికి రమ్మంటుంది.'

వెళ్లి చూశాను. ఇఫ్ జవాబు == "అవును" ఆర్ "ఊఁ" అని రాసింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు నూటికి తొంభైమంది చేసే పొరపాటే. చదివితే మన చెవికి 'జవాబు అవునైనా ఊఁ అయినా' అనే వినపడుతుంది. పైథాన్‌కి అలా వినపడదు. అది రెండు ముక్కలుగా చూస్తుంది. జవాబు 'అవును'కి సమానమా, అన్నది ఒక ముక్క. ఒట్టి 'ఊఁ' రెండో ముక్క. ఆ 'ఊఁ'ని దేనితోనూ పోల్చమని మనం చెప్పలేదు. కాబట్టి అది అక్కడ ఉందా లేదా అనే చూస్తుంది. ఉంది. ఉంటే ట్రూ. ఆర్‌కి ఒక పక్క ట్రూ అయితే చాలు కదా, ఇంక నువ్వేం కొట్టినా లోపలికి రమ్మనే అంటుంది. 'జవాబు ==' అన్నది రెండుసార్లూ రాయాలి తల్లీ, అని దిద్దాను.

ఇది అందరికీ పనికొచ్చేదని బోర్డు దగ్గరికి వచ్చి చెప్పాను. పైథాన్‌కి సున్నా ఫాల్స్. ఖాళీ లిస్టు ఫాల్స్. మధ్యలో ఏమీ లేని జంట కొటేషన్లు ఫాల్స్. వాటి మధ్య ఒక్క అక్షరం పడితే ట్రూ. ఒట్టి స్పేస్ కొట్టినా ట్రూ. సున్నాని కొటేషన్లలో పెడితే అదీ ట్రూ. చివరికి ఫాల్స్ అన్న మాటనే కొటేషన్లలో పెట్టి 'ఇదేమిటి?' అని అడిగాను. ట్రూ అని తెర మీద పడింది. క్లాసంతా హోరెత్తింది.

'ఎందుకంటే కంప్యూటర్ అర్థం చదవదు. గడి నిండిందా, ఖాళీగా ఉందా, అంతే చూస్తుంది.'

నకిరేకల్ అమ్మాయి నవ్వలేదు. 'మరి లేరు అని రాస్తే సార్?' అంది.

'అదీ ఉన్నట్టే.'

ఆమె నోట్సులో ఏదో రాసుకుంది. ఎనిమిదిన్నరకి అందరూ మెట్లు దిగిపోయాక కూడా బ్యాగు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఏంటమ్మా అంటే లేచి వచ్చింది.

'సార్, మన ఫీజు ఫారం గూడ ఇట్లనే రాసిన్రా?'

ఆ ఫారం నేను రాసిందే. తండ్రి లేని పిల్లలకు ఫీజులో సగం తగ్గిద్దామని మా ఇన్‌స్టిట్యూట్ ఓనరు ఈ ఏడాదే అన్నారు. పన్నెండు వేలకు ఆరు వేలు. చిన్నపిల్లల్ని పట్టుకుని 'మీ నాన్న చనిపోయారా?' అని అడగడానికి నాకు మనసొప్పలేదు. ఎవరికీ నొప్పి తగలకుండా ఉండాలని తండ్రి పేరు అని ఒక గడి మాత్రం పెట్టాను. పేరుంటే పూర్తి ఫీజు. ఖాళీగా వదిలేస్తే సగం. పనిచేస్తోందో లేదో చూద్దామని మొదటి వరసలో నా వివరాలే కొట్టాను. తండ్రి పేరు గడి వదిలేశాను. సగం ఫీజు అని వచ్చింది. బాగుందనుకుని పిల్లలకు లింక్ పంపేశాను.

లాప్‌టాప్ తెరిచి పట్టిక తీశాను. ఇరవై ఆరో వరసలో ఆమె పేరు. తండ్రి పేరు గడిలో 'లేరు' అని ఉంది. పక్కన పూర్తి ఫీజు.

కిందికీ పైకీ జరుపుతూ వెళ్లాను. ఒకరు 'చనిపోయారు' అని రాశారు. ఒకరు పేరుకు ముందు 'కీ.శే.' అని పెట్టారు. ఒకరు అడ్డగీత గీశారు. ఒకరు ఒక్క చుక్క పెట్టి ఊరుకున్నారు. అందరికీ పూర్తి ఫీజే. తండ్రి లేని పిల్లలెవరూ ఆ గడిని ఖాళీగా వదల్లేదు. అది దాటుకుని కిందికి పోవడానికి వాళ్లకు మనసు రాలేదు. సగం ఫీజు ఎవరికి పడిందని చూస్తే, పిల్లల్లో ఒక్కడే ఉన్నాడు. రోజూ సాయంత్రం వాళ్ల నాన్నే బండి మీద తెచ్చి దింపుతాడు. ఫోన్‌లో నింపుతూ తొందరలో ఆ గడి చూసుకుని ఉండడు.

'ఎప్పుడు పోయారమ్మా?'

'నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు.'

'ఫీజు ఎలా కట్టావు?'

'మా అమ్మ సంఘంల అప్పు తీసింది సార్.'

పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు. నెలనెలా వడ్డీ. నా రెండు లైన్ల ప్రోగ్రామ్ వల్ల. రేపే ఆరు వేలు వెనక్కి ఇప్పిస్తానని, మిగిలినవాళ్లకూ నేనే ఫోన్ చేసి చెప్తానని అన్నాను. తప్పు పూర్తిగా నాదేనన్నాను. పరీక్షించేటప్పుడు ఖాళీగా ఒకసారి, పేరుతో ఒకసారి చూసి ఊరుకున్నాను. పేరు రాయాల్సిన చోట మనిషి తన బాధ రాస్తాడని నాకు తట్టలేదు.

ఆమె తలూపింది. ఏమంత సంతోషపడినట్టు లేదు. ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. పట్టిక చిట్టచివరి నుంచి మళ్లీ మొదటికి వచ్చి ఆగి ఉంది. అక్కడ నా పేరు, పక్కన తెల్లటి ఖాళీ గడి, ఆ పక్కన సగం ఫీజు.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గొంతు బాగా తగ్గించి, తోటి బాధ తెలిసినవాళ్లు అడిగినట్టు అడిగింది.

'మీ నాయిన గూడ లేరా సార్?'

అవునంటే లేనట్టు. లేదంటే ఆ పిల్ల చెవికి అదీ లేనట్టే. నిండుగా చెప్పాలంటే ఒక్క మాట చాలు. అది నోట్లోంచి రాలేదు.

టైం చూద్దామని తీసి లాప్‌టాప్ పక్కన పెట్టిన ఫోన్ బల్ల మీద వణకడం మొదలుపెట్టింది. ఆ పిల్లే ముందు చూసింది.

'ఎల్బీ నగర్ అని వస్తుంది సార్. ఎత్తండి, ఏమన్న పని ఉందో ఏమో.'

2019 దాకా నా ఫోన్‌లో ఆ నంబరుకు 'నాన్న' అనే పేరుండేది.